శరణార్థి కుటుంబం మీ ఊరికొస్తే... మీరు అడిగినవి, నేను చెప్పేవి

పోయిన సంచికలో శరణార్థి కుటుంబాలకి తోడుండే వాలంటీర్ల గురించి నాలుగు మాటలు రాసి, ప్రశ్నలుంటే పంపమన్నాను కదా, ఇన్ని వస్తాయని మాత్రం అనుకోలేదు. రాసినవాళ్లలో ఎక్కువమంది అమెరికా, కెనడా, బ్రిటన్‌లో ఉండేవాళ్లే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు వెయ్యలేదు. మీ పేరు వేస్తే మీరు చూసే కుటుంబం ఎవరో తెలిసిపోతుంది, అందుకని.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో అందరం కలిసి బట్టలు, బొమ్మలు, పాత ఫర్నిచర్ పోగేశాం. కొత్తగా వచ్చిన శరణార్థుల్ని చూసుకునే ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ఇప్పుడు వద్దండీ, లిస్ట్ పంపిస్తాం" అన్నారు. మంచి చెయ్యబోతే ఇలాగా అని మాకు మనసు కష్టమైంది.

జవాబు: కష్టపెట్టుకోకండి, వాళ్లు అన్నది కరెక్టే. చాలా కుటుంబాలు మొదట్లో హోటల్ గదిలోనో ఎవరో ఇచ్చిన తాత్కాలిక ఇంట్లోనో ఉంటాయి, అక్కడ సోఫా ఎక్కడ పెట్టుకుంటారు చెప్పండి. బట్టలైతే అందరూ ఇస్తారు, సైజులు కలవవు, చివరికి వాటిని విడదీసి సర్దడానికే ఇంకో నలుగురు వాలంటీర్లు కావాలి. వాడిన పరుపులు చాలాచోట్ల అసలు తీసుకోరు, నల్లుల భయం. లిస్ట్ వచ్చాక అందులో ఉన్నవే ఇవ్వండి. సామాన్లకంటే కరువుగా ఉండేది వారంలో ఒక పూట వచ్చి పక్కన కూర్చునే మనిషి. దానికి మాత్రం ఏ ఏజెన్సీ వాళ్లూ "ఇప్పుడు వద్దు" అనరు.

ప్రశ్న: వాలంటీర్ అంటే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి బొకే ఇవ్వడం, ఫొటో దిగడం అనుకునేదాన్ని. నిజంగా రోజూ ఏం చేస్తారు? అసలు ఇందులో ప్రభుత్వం పని ఏంటి, మన పని ఏంటి?

జవాబు: దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో 1979 నుంచి మామూలు జనమే గ్రూపుగా కలిసి ఒక కుటుంబాన్ని స్పాన్సర్ చేసే పద్ధతి నడుస్తోంది, అయిదుగురు కలిస్తే చాలు, కానీ 12 నెలలపాటు ఆ కుటుంబం ఖర్చు, బాధ్యత వాళ్లదే. వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి వచ్చినవాళ్లని అలా ఇళ్లల్లోకి పిలిచినందుకే 1986లో, శరణార్థులకి సాయపడినవాళ్లకి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకాన్ని ఒక మనిషికి కాకుండా మొత్తం కెనడా ప్రజలకి ఇచ్చారు. బ్రిటన్ 2016లో దాదాపు ఇలాంటిదే మొదలుపెట్టింది. అమెరికాలో 1980 శరణార్థుల చట్టం తర్వాత ఏజెన్సీలదే ముఖ్యపాత్ర, వచ్చాక మొదటి 90 రోజులు ఇల్లు, స్కూలు, డాక్టరు లాంటివి వాళ్లు చూసేవాళ్లు, ఆ పైన వాలంటీర్ల అవసరం ఎక్కువయ్యేది. 2023 జనవరిలో వెల్‌కమ్ కోర్ అని అక్కడా జనం నేరుగా స్పాన్సర్ చేసే పద్ధతి పెట్టారు గానీ 2025లో ఆపేశారు. కెనడా కూడా 2024 నవంబర్‌లో అయిదుగురి గ్రూపుల కొత్త అప్లికేషన్లు తీసుకోవడం నిలిపేసింది. కాబట్టి మీరు చదివేనాటికి రూల్ ఏముందో కనుక్కోండి. కొత్తవాళ్లు రావడం ఆగినా ఇప్పటికే వచ్చినవాళ్లు అక్కడే ఉన్నారు కదా, పని మాత్రం ఆగలేదు.

ఇక రోజూ చేసేదంటారా, నిజం చెప్పాలంటే చాలావరకు కాగితాల పని. పేరు దగ్గరే మొదలవుతుంది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన చాలామందికి ఒకటే పేరు, ఇంటిపేరు ఉండదు, అమెరికా కాగితాల్లో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయి మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యు" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలీదు) అని పడుతుంది. పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకుని వచ్చిన మనవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు, వాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పుట్టినరోజు ఇంకో గొడవ. సర్టిఫికెట్ లేనివాళ్లకి క్యాంపులో సంవత్సరం అడిగి జనవరి 1 అని రాసేస్తారు, దాంతో ఒక ఇంట్లో అమ్మా నాన్నా పెద్దబ్బాయీ అందరూ జనవరి 1నే పుట్టినట్టు ఉంటుంది, కౌంటర్లో కూర్చున్నావిడ కాగితం చూసి మొహం చూసి మళ్లీ కాగితం చూస్తుంది. మీ పని ఏంటంటే మొదటి కాగితం మీద స్పెల్లింగ్ ఎలా ఉందో స్కూలు, బ్యాంకు, ఇన్సూరెన్సు అన్నిట్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయించడం. "కరెక్ట్ స్పెల్లింగ్ ఇదీ" అని మీరు మధ్యలో సరిచేశారో, రెండేళ్ల తర్వాత ఆ రెండు కాగితాలు ఒకే మనిషివని నిరూపించడానికి వాళ్లు తిరగాలి.

తర్వాత పోస్టు. నేను వెళ్లే ఒక ఇంట్లో ఆవిడ, నలుగురు పిల్లల తల్లి, నేను కూర్చోగానే ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఒళ్లో పెట్టేది. వారం పోస్టంతా అందులోనే, ఒక్కటీ చింపలేదు. ఎందుకంటే సూపర్‌మార్కెట్ ఆఫర్ కాగితం, క్రెడిట్ కార్డు ప్రకటన, కరెంటు బిల్లు, మెడికల్ ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి "ఫలానా తేదీలోగా ఈ ఫారం పంపకపోతే మీ కార్డు ఆగిపోతుంది" అన్న ఉత్తరం, అన్నీ ఒకేలాంటి తెల్ల కవర్లే కదా, పైగా ప్రకటనల మీదే ఎర్ర అక్షరాలతో "అర్జెంట్" అని ఉంటుంది. ఆవిడతో కలిసి కవర్ మీద ఎవరి ముద్ర ఉందో చూడ్డం నేర్చుకున్నాం, ఇంగ్లిష్ చదవడం రాకపోయినా బొమ్మ గుర్తుపడుతుంది కదా. మూడు ముద్రలు గోడకి అంటించాం, ఇవి వస్తే అదే రోజు నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టు, మిగతావి ఆగొచ్చు అని. కొన్నాళ్లకి ఆ సంచి కనిపించడం మానేసింది.

బస్సు కూడా అంతే. మీ కారులో దింపేస్తే మీకు అరగంటలో అయిపోతుంది నిజమే, కానీ రేపు మీరు ఊళ్లో లేకపోతే వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. మొదటిసారి మీరు దారి చూపించండి, రెండోసారి వాళ్లు ముందు నడుస్తారు మీరు వెనక, వాళ్లు తప్పు బస్సు ఎక్కబోతుంటే నోరు మూసుకుని ఒక్క నిమిషం ఆగండి, చాలాసార్లు వాళ్లే చూసుకుంటారు. ఇల్లు చేరిన మొదటి రోజే పొగ అలారం మోగితే ఏం చెయ్యాలో ఒకసారి మోగించి చూపించండి. బాంబుల సైరన్లు విన్న పిల్లలున్న ఇంట్లో ముందే చెప్పి మోగించండి, లేకపోతే మంచం కింద దూరతారు. ఎమర్జెన్సీ నంబర్ అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999. నంబర్ ఒక్కటే కాదు, ఇంటి అడ్రస్ ఇంగ్లిష్‌లో నోటితో చెప్పడం కూడా పెద్దా చిన్నా అందరికీ రావాలి.

ప్రశ్న: మేం చూసే కుటుంబంలో 11 ఏళ్ల పాప ఇంగ్లిష్ చకచకా నేర్చేసుకుంది. హాస్పిటల్‌కి వెళ్లినా ఆఫీసుకి వెళ్లినా వాళ్లమ్మకి తనే చెప్తోంది. మాకూ హాయిగా ఉంది. ఒక ఫ్రెండ్ మాత్రం ఇది తప్పు అంటోంది.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది వినండి. పాప తెలివైనదే, కాదనను. కానీ వాళ్లమ్మ తన ఒంట్లో బాధ ఆ పిల్ల నోటితో డాక్టర్‌కి చెప్పించాలంటే ఎన్ని దాస్తుందో ఆలోచించండి. డాక్టర్ ఏదైనా చెడ్డ రిపోర్టు చెప్తే అది మొదట వినేది 11 ఏళ్ల పిల్ల. ఇంట్లో కూడా తల్లిదండ్రుల మాటకంటే పిల్ల మాటకి బరువు పెరిగిపోతుంది, అది తర్వాత చాలా గొడవలకి మూలం. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే హాస్పిటల్ అనువాదకుణ్ని ఫ్రీగా ఇవ్వాల్సిందే, దాని మూలం 1964 పౌరహక్కుల చట్టంలో ఉంది, ఎమర్జెన్సీ అయితే తప్ప పిల్లల మీద ఆధారపడకూడదని 2016 నుంచి రూల్ కూడా ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, అక్కడికి వెళ్లాక అడిగితే "ఇవాళ లేరు" అంటారు.

అడిగేటప్పుడు భాష సరిగ్గా చెప్పండి. ఆఫ్ఘన్ అంటే దరి కావచ్చు, పష్తో కావచ్చు. సిరియా నుంచి వచ్చారు కాబట్టి అరబిక్ అనుకుంటాం, ఇంట్లో మాట్లాడేది కుర్దిష్ అయ్యుండొచ్చు. బర్మా అని రాసుంటే సరిపోదు, రోహింగ్యానా, కరెన్‌వాళ్లా, చిన్‌వాళ్లా అన్నది కనుక్కోవాలి. ఇంకోటి, అదే ఊళ్లో ఉండే సొంత దేశం మనిషే అనువాదకుడుగా వస్తే ఇంటి గుట్టు బయటికి పోతుందని భయపడేవాళ్లు, అవతలి వర్గంవాడని నోరు విప్పనివాళ్లు ఉంటారు. అలాంటప్పుడు ఎక్కడో వేరే ఊళ్లో కూర్చుని ఫోన్లో చెప్పేవాళ్లే మేలు. మీరు మాట్లాడేటప్పుడు ఆవిడ మొహం చూసి మాట్లాడండి, ఫోన్ వంక కాదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ మాస్టారుని, అబ్బాయి దగ్గరికి వచ్చాను. మావాడు వీసా కోసం ఏళ్లు తిరిగాడు, ఫీజులు కట్టాడు. వీళ్లకేమో టికెట్టుతో సహా అన్నీ ఫ్రీ. ఇదేం న్యాయం?

జవాబు: మాస్టారూ, టికెట్టు ఫ్రీ కాదండీ. అమెరికా, కెనడా వెళ్లే శరణార్థుల్లో చాలామందికి విమానం టికెట్ అప్పుగా ఇస్తారు. అమెరికాలో అయితే వచ్చిన కొద్ది నెలలకే నెలనెలా తీర్చడం మొదలుపెట్టాలి, వడ్డీ లేదు అంతే. పెద్ద కుటుంబానికి అది కొత్త దేశంలో మొట్టమొదటి అప్పు. ఇక లైను సంగతి, ప్రపంచంలో శరణార్థుల్లో ఏటా ఇలా మూడో దేశానికి వెళ్లగలిగేది ఒక శాతం కూడా ఉండరు, ఎక్కువమంది పక్క దేశంలోనే, తరచూ మనలాంటి బీద దేశాల్లోనే ఏళ్లకేళ్లు ఉండిపోతారు. మతం, జాతి, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం, ఈ అయిదింట్లో ఏదో ఒకదాని వల్ల తమని హింసిస్తారన్న భయం ఉందని తేలాలి, ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒప్పందం నుంచీ లెక్క అదే. ఇంటర్వ్యూలు, వేలిముద్రలు, మెడికల్ అన్నీ దాటాలి. మీ అబ్బాయి పడిన కష్టం తక్కువని కాదు, అది వేరే లైను. మాస్టారు కాబట్టి ఒకటి అడుగుతా, పిల్లల హోంవర్క్ దగ్గర కూర్చునేవాళ్లకి ఎక్కడైనా కరువే, వారానికి ఒక గంట వెళ్లి లెక్కలు చెప్పకూడదూ?

ప్రశ్న: రాత్రి పదకొండుకి కూడా ఫోన్లు. బల్బు పోయిందని, స్కూలు నుంచి మెసేజ్ వచ్చిందని. మావారు "ఇంక చాలు" అంటున్నారు. ఎత్తకపోతే పాపం అనిపిస్తుంది. డబ్బు కూడా ఒకసారి అప్పు అడిగారు.

జవాబు: మీవారి మాట సగం నిజం. మీరు ఒక్కరే అన్నీ అయిపోతే ఆరునెలల్లో విసుగొచ్చి మానేస్తారు, అప్పుడు ఆ కుటుంబం ఇంకోసారి ఒంటరిదవుతుంది. గ్రూపులో పనులు పంచుకోండి, స్కూలు ఒకరు, డాక్టరు ఒకరు, బిల్లులు ఒకరు. ఫోన్ చెయ్యొచ్చు అనే టైము మొదట్లోనే చెప్పాలి, ఇప్పుడైనా ఫర్లేదు, అనువాదకుణ్ని పెట్టుకుని చెప్పండి, లేకపోతే కోపమొచ్చి చెప్తున్నారనుకుంటారు. బల్బు పోతే ఎవరికి చెప్పాలో, ఇంటి ఓనర్‌కి మెసేజ్ ఎలా పెట్టాలో వాళ్ల ఫోన్‌లోనే వాళ్లచేతే ఒకసారి చేయించండి.

అప్పు మాత్రం వద్దు. మీ చేతి నుంచి నేరుగా డబ్బు వెళ్లిన రోజు నుంచి వాళ్లు మీకు "కాదు" అని చెప్పలేరు. మీరు చూపించిన ఇల్లు నచ్చకపోయినా నచ్చిందంటారు, మీరు పిలిచిన ప్రార్థనకి ఇష్టం లేకపోయినా వస్తారు. అవసరం నిజమైతే ఏజెన్సీకి చెప్పండి, గ్రూపు నిధి ఉంటే అందులోంచి ఇప్పించండి. ప్రార్థన మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మీది ఏ మతమైనా సరే సాయానికీ దానికీ ముడిపెట్టకండి.

ప్రశ్న: ఇంటాయన అక్కడ ఇంజినీర్ అట. ఇక్కడ గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. అసలేం జరిగిందో అడిగితే మనసు తేలికపడుతుందా?

జవాబు: అడగకండి. ఎన్నో ఆఫీసుల్లో ఎంతోమంది ముందు అదే కథ చెప్పీ చెప్పీ ఇక్కడిదాకా వచ్చాడు, మళ్లీ మీకూ చెప్పాలా. తనంతట తను చెప్తే వినండి, సలహా ఇవ్వకండి. నిద్ర లేకపోవడం, తిండి మానేయడం కనిపిస్తే ఏజెన్సీ కేస్‌వర్కర్‌కి చెప్పండి, అది మీ చేతిలో పని కాదు. "ప్రాణాలతో బయటపడ్డారు, అదృష్టవంతులు" అనే మాట మాత్రం దయచేసి అనకండి.

మీ చేతిలో ఉన్నది ఆ ఇంజినీర్ సంగతి. మొదటి ఉద్యోగం ఏదైనా చెయ్యాల్సిందే, అద్దె ఆగదు కదా. కానీ సర్టిఫికెట్లు ఏమున్నాయి, ఏవి పోయాయి అని ఒక సాయంత్రం కూర్చుని రాసుకోండి. యూరప్‌లో అయితే 2017 నుంచి కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్లు, కాగితాలు పోయిన శరణార్థులకి ఉన్న ఆధారాలు చూసి ఇంటర్వ్యూ చేసి చదువు ఎంతో రాసిచ్చే ఒక అర్హతల పాస్‌పోర్ట్ ఇస్తున్నారు, మిగతాచోట్ల అక్కడి ఇంజినీర్ల లైసెన్స్ బోర్డుని అడగాలి. మీ ఆఫీసులో అదే లైనులో ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఒక ఆదివారం పరిచయం చెయ్యండి. ఇద్దరు ఇంజినీర్లు ఒక బ్రిడ్జి గురించి వచ్చీరాని ఇంగ్లిష్‌లో వాదించుకోవడం చూశాను నేను, ఆయన ఆ పూట మాట్లాడినంత అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ప్రశ్న: పిల్లలు మొదటిరోజు స్కూలుకి వెళ్తున్న ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా? విరాళాలు బాగా వస్తాయి.

జవాబు: వద్దు. వాళ్ల మామయ్యో తాతో ఇంకా అక్కడే ఉండి ఉంటారు, ఆ ఫొటో ఎవరి కంట పడుతుందో మీకూ నాకూ తెలీదు. వాళ్లని అడిగాను, సరే అన్నారు అంటారేమో, మీరు అడిగితే వాళ్లు కాదనలేరని పైన చెప్పాను కదా. విరాళాలే కావాలంటే ఆ ఇంటికి ఇంకా ఏమేం కావాలో రాసిన లిస్ట్ ఫొటో పెట్టండి, చాలు.