పైవాళ్ల బాత్‌రూమ్ నీరు మా స్లాబులోకి దిగుతోంది, ఖర్చు ఎవరిది?

ప్రశ్న: భీమవరంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాది రెండో అంతస్తు. బిల్డర్ అప్పగించి ఏడేళ్లయింది. పైవాళ్ల బాత్‌రూమ్ నీరు ఏడాదిగా మా బాత్‌రూమ్ స్లాబులోకి, అక్కణ్నుంచి పడగ్గది గోడలోకి దిగుతోంది. పెచ్చులూడి పడుతున్నాయి. పైన అద్దెకున్నవాళ్లు ‘ఓనర్‌గారిని అడగండి’ అంటారు. ఆయన హైదరాబాద్‌లో ఉంటూ ‘అది అసోసియేషన్ పని’ అంటారు. అసోసియేషనేమో ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అంటోంది. మెయింటెనెన్స్ కట్టడం ఆపేయవచ్చా? పైవాళ్ల నీళ్ల వాల్వు కట్టేయించవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: ఆ రెండు పనులూ చేయకండమ్మా. మెయింటెనెన్స్ ఆపితే బకాయిదారు మీరవుతారు. రేపు జనరల్ బాడీలో మీరు మాట్లాడబోతే ముందు ఆ బకాయి సంగతే ఎత్తుతారు. వాల్వు కట్టేస్తే అద్దెకున్నవాళ్లు మీమీదే పోలీసు ఫిర్యాదు ఇస్తారు, మిమ్మల్ని ఆపుతూ కోర్టు నుంచి ఇంజంక్షన్ ఆర్డరూ తెచ్చుకుంటారు. తాగే నీళ్లు, వాడుకునే నీళ్లు ఆపినవారి పక్షాన ఏ కోర్టూ నిలబడదు.

ఖర్చు ఎవరిదన్నది నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. బాత్‌రూమ్ టైల్స్, నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ), ఆ ఒక్క ఫ్లాటుకే పనిచేసే పైపులు పై ఓనర్‌గారివి. షాఫ్టులో (పైపుల కోసం వదిలిన సందులో) పైనుంచి కిందిదాకా దిగే పైపు అందరిదీ కాబట్టి అసోసియేషన్‌ది. అప్పగించిన అయిదేళ్లలోపు మీరు బిల్డర్‌కు రాసి ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 కింద బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాల్సి వచ్చేది. ఆ గడువు మీకు దాటిపోయింది. కొత్త ఫ్లాట్లలో చేరినవారు మాత్రం ఈ మాట గుర్తుంచుకోండి.

పరీక్ష ఇలా చేయించండి. మీ స్లాబు కిందివైపు చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ వేయండి. పై బాత్‌రూమ్ ఒక రోజంతా వాడకుండా ఆరనివ్వాలి. తర్వాత నహానీ ట్రాప్ గుడ్డతో బిగించి, గుమ్మం దగ్గర సిమెంటుతో చిన్న కట్ట వేసి, రెండంగుళాల నీళ్లలో నీలిమందు కలిపి 24 నుంచి 48 గంటలు నిలబెట్టాలి. నీలం రంగు దిగకపోయినా ఫరవాలేదు, చెమ్మ గీత దాటితే తప్పు టైల్స్ సందుల్లోనో వాటర్‌ప్రూఫింగ్‌లోనో ఉన్నట్టు. గీత దాటకపోతే ట్రాప్ వదిలి, బకెట్లతో నీళ్లు పోయించండి. అప్పుడు దిగితే లోపం ట్రాప్ దగ్గరో డ్రెయిన్ పైపులోనో ఉంటుంది. ఎవరూ నీళ్లు వాడని రాత్రి కూడా చుక్కలు పడుతుంటే కుళాయి లైన్‌ను అనుమానించాలి. వానల్లోనే చెమ్మ వస్తుంటే బయటి గోడ చూడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు అసోసియేషన్ సెక్రటరీగారిని, ఒక సివిల్ ఇంజినీరును ఉంచి, అందరిచేతా సంతకాలు చేయించుకోండి. ఫ్యాన్ కొక్కెం, లైటు పాయింటు దగ్గర చెమ్మ ఉంటే ఆ లైన్ ఎంసీబీ (మీటరు బోర్డులోని స్విచ్) ఈరోజే ఆఫ్ చేయండి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ ఉప్పు స్లాబులోని ఇనుమును తినేస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. పెచ్చు ఊడటమంటే అదే. పైన లీకు ఆపకుండా కింద ప్లాస్టరింగ్ చేయిస్తే డబ్బు దండగ. పైగా సంక్రాంతికని రంగులు వేయించేశారంటే మీ సాక్ష్యం మీరే చెరుపుకున్నట్టు.

రిపోర్టు జత చేసి పై ఓనర్‌గారికీ, అసోసియేషన్‌కీ లాయరు ద్వారా నోటీసు పంపండి. 15 రోజుల గడువిచ్చి, చేరినట్టు రసీదు వచ్చేలా పోస్టులో పంపాలి. కదలిక లేకపోతే మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో, కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అక్కడి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు లేదు. ‘త్వరలో చేయిస్తాను’ అన్న మాటను రాజీ కాగితంలోకి రానివ్వకండి. ఏ తేదీలోపు, ఏ పని, ఎవరి ఖర్చుతో, మీ స్లాబు మరమ్మతుకు ఎంత అన్నవన్నీ రాయించండి.

అదీ కుదరకపోతే సివిల్ కోర్టే. దెబ్బతిన్నది భీమవరంలోని ఆస్తి గనక దావా అక్కడే వేయవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. లీకు బాగుచేయించేలా మాండేటరీ ఇంజంక్షన్, నష్టపరిహారం రెండూ అడగండి. అద్దెకున్నవారినీ పార్టీగా చేర్చండి, లేకపోతే పనివాళ్లకు తలుపు తీయరు. దావాతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వచ్చి చూసే లాయరును) వేయమని పిటిషన్ పెట్టండి. ఆయన ఇంజినీరుతో వచ్చి చూసి ఇచ్చే రిపోర్టే ఇలాంటి కేసుల్లో ఆయువుపట్టు. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లకండి. పై ఓనర్‌గారు మీకు సేవలమ్మినవారు కారు, ఆ ఫిర్యాదు నిలవదు.