జాతీయ జట్టు క్యాంపులో తయారవదు

మీ అబ్బాయికి పదకొండేళ్లు, విజయనగరంలో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, ఇండియా అండర్-17 స్థాయికి వెళ్లాలంటే ఇప్పుడేం నేర్పించాలి అని అడిగారు. శ్రీకాకుళం దగ్గర స్కూల్లో పీఈటీగా పిల్లల చేత ఆడిస్తుంటాను, నా అనుభవంలోంచి చెప్తాను.

2017 అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఢిల్లీలో కొలంబియాతో మ్యాచ్. 82వ నిమిషంలో కార్నర్ కిక్‌ని మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తలతో గోల్‌లోకి పంపాడు. ఫిఫా ప్రపంచకప్‌లో ఇండియాకు అదే తొలి గోల్. టీవీ ముందు మా గుంటల అరుపులు ఆగనే లేదు, మరుసటి నిమిషంలోనే కొలంబియా మళ్లీ కొట్టేసింది. 1-2తో ఓడిపోయాం. ఆ జట్టుకు క్యాంపులు బాగానే పెట్టారు, విదేశాలకూ తీసుకెళ్లారు. ఒంట్లో సత్తువ, డిఫెన్స్‌లో క్రమశిక్షణ క్యాంపులో వస్తాయి. గోల్ కొట్టిన ఆనందంలోనూ అవతలివాడు ఎక్కడున్నాడో చూసుకునే అలవాటు మాత్రం చిన్నప్పటి నుంచి గట్టి మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. మన దగ్గర చాలామంది పిల్లలకు స్కూల్ గేమ్స్ తప్ప వేరే మ్యాచ్‌లు లేవు. మొదటి రౌండ్‌లో ఓడితే ఆ ఏడాదికి అంతే.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడండి. ఒక్క ఊరి నుంచి అంతమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారంటే, పెద్దవాళ్లను చూస్తూ చిన్నవాళ్లు ఊళ్లోనే నేర్చుకోబట్టే. ఫుట్‌బాల్‌కీ అలాంటి పునాది కావాలి.

ఇప్పుడు మీ వాడికి నాలుగో సైజు బంతి ఇవ్వండి, అయిదుగురి జట్లతో ఆడనివ్వండి. బంతి ఎక్కువసార్లు కాలికి తగులుతుంది. ఎడమ కాలు కూడా వాడించండి. మా దగ్గర ఆరో తరగతి పాప ఒకతె ఉంది, పొట్టిగా ఉంటుంది. పాస్ వచ్చేలోపే భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూసుకుంటుంది. అందుకే ఎంత పెద్ద పిల్లాడు మీదికొచ్చినా బంతి పోగొట్టుకోదు. అదే నేర్పాలి.

ఎత్తు తక్కువని సెలక్షన్‌లో తీసేస్తే బాధపడకండి. వయసు లెక్కకు జనవరి 1 కటాఫ్ కాబట్టి డిసెంబరులో పుట్టినవాడు జనవరి వాడికంటే దాదాపు ఏడాది చిన్న. మన సెలక్టర్లు చాలామంది ఇది పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. వయసు మాత్రం ఎవరు చెప్పినా తగ్గించి రాయించకండి. పైస్థాయిలో ఎముకల వయసు చూసే మణికట్టు పరీక్షలో దొరికిపోతారు, పిల్లాడి కెరీరే పోతుంది.

స్కూళ్ల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ సుబ్రతో కప్‌కి స్కూల్ తరఫున జట్టు పంపమని అడగండి. భువనేశ్వర్‌లో 2023లో ఫిఫా టాలెంట్ అకాడమీ మొదలైంది, మనకు హైదరాబాద్ కంటే అదే దగ్గర. అక్కడ ట్రయల్స్ పెడితే కనుక్కోండి.

అన్నిటికంటే ముందు మ్యాచ్‌లు కావాలి. విజయనగరం, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస పిల్లలతో ఆదివారాలు చిన్న లీగ్ పెట్టుకోవచ్చు. మీ వైపు నుంచి ఓ పదిమంది పిల్లలు, గ్రౌండ్ దొరికితే చెప్పండి. మా జట్టును నేనే బస్సులో తీసుకొస్తాను.