బోరుకొచ్చిన బండి: ఎనిమిది వేలా, ఇరవై రెండు వేలా?

ప్రశ్న: రాజమండ్రిలో కొరియర్ డెలివరీ చేస్తాను. జీతం 24,000. నా తొమ్మిదేళ్ల 150 సీసీ బండి ఆయిల్ తగ్గిపోయి, నడుస్తూనే పట్టేసింది. పిస్టన్, రింగులు మార్చి 8,000లో ఇచ్చేస్తానంటున్నాడు మెకానిక్. మొత్తం విప్పి చేస్తే 22,000 అట. ఇంట్లోవాళ్లు కొత్తది కొనమంటున్నారు. బ్యాంకులో 40,000 ఎఫ్‌డీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మొత్తం విప్పించండి. డబ్బు ఎఫ్‌డీలోంచి తీయండి.

కొత్త బండికి లక్ష అప్పు చేస్తే, 12 శాతం వడ్డీకి మూడేళ్లపాటు నెలకు సుమారు 3,320 కట్టాలి. 22,000ను అదే మూడేళ్లకు పంచితే నెలకు 611. ఇక 8,000 పని ఆరు నెలలే ఆడిందనుకోండి, నెలకు 1,333 పడినట్టు. డ్యూటీ పోయిన రోజులు అదనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ చవక పనే చేయించుకున్నాను. నాలుగో నెలకే సైలెన్సర్‌లోంచి పొగ, మళ్లీ బోరు పని, అంటే సిలిండర్ లోపలి గోడ చెక్కించడం!

పట్టేసిన ఇంజిన్‌లో పోయేది పిస్టన్ ఒక్కటే కాదు. గీసుకుపోయి రాలిన లోహపు పొడి ఆయిల్‌తోపాటు అడుక్కి దిగుతుంది. పాత ఆయిల్ కాస్త తెల్ల గుడ్డ మీద పోయించి ఎండలో చూడండి, మెరుస్తుంటే అదే. ఆయిల్ పంపు, జల్లెడ విప్పి కడగకపోతే ఆ పొడి కొత్త పిస్టన్‌నీ తినేస్తుంది. కనెక్టింగ్ రాడ్‌ని, అంటే పిస్టన్‌ని అడుగున తిరిగే క్రాంక్ ఇరుసుకు కలిపే కడ్డీని, మీ ముందే పైకీ కిందకీ ఆడించమనండి. పక్కలకు కొంచెం కదిలితే ఫరవాలేదు గానీ, పైకీ కిందకీ ఆట ఉంటే క్రాంక్ పని తప్పదు. బోరు కొట్టే లేత్ షాపుకి సిలిండర్‌తోపాటు కొత్త పిస్టన్ కూడా పంపాలి, బోరు కొట్టేది దాని కొలతకే. అసలు ఆయిల్ ఎందుకు తగ్గిందో కూడా తేల్చమనండి, లీకేజీనా, మీరు చూసుకోకపోవడమా అని.

డబ్బు ఒకేసారి చేతిలో పెట్టొద్దు. విప్పాక ఏ పార్టు ఎంతో కాగితం మీద రాయించుకుని, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి. పాత సామాను వెనక్కి అడగండి. 27,000 దాటుతుందన్నా, క్రాంక్‌కేస్ (క్రాంక్ ఉండే ఇంజిన్ అడుగు పెట్టె) పగిలిందన్నా అక్కడే ఆపి, బండిని ఉన్నదున్నట్టు అమ్మేయండి. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆయిల్ మార్చాలి, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. ఇన్సూరెన్స్ మీద ఆశ వద్దు. ఇంజిన్ దానంతటది చెడితే మామూలు పాలసీలో క్లెయిమ్ రాదు.

ఎఫ్‌డీ ముందే తీస్తే సాధారణంగా వడ్డీ రేటులో ఒక శాతం దాకా కోత పడుతుంది. 40,000 మీద ఏడాదికి 400 అన్నమాట. అదే 22,000 క్రెడిట్ కార్డు మీద గీకి తీర్చకుండా ఉంచితే, నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీయే 770. పైన చెప్పిన 611 కంటే అదే ఎక్కువ!

బండికి తొమ్మిదేళ్లే కాబట్టి ఈ మాట చెబుతున్నాను. ఆర్‌సీ 15 ఏళ్లకు రెన్యువల్‌కి వస్తుంది. పదమూడేళ్ల బండైతే ఇంత పెట్టమనేవాణ్ని కాదు. మిగిలిన 18,000 మళ్లీ ఎఫ్‌డీలో వేసి, వచ్చే నెల నుంచి 1,500 ఆర్‌డీ మొదలుపెట్టండి. పదిహేను నెలల్లో తీసిన సొమ్ము తిరిగి చేరుతుంది.