తాతయ్య గుర్తుపట్టని నాయనమ్మ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. రవివర్మ 1899లో వేసిన దమయంతి మీద నాలుగు పేజీలు రాశావు. "చంద్రబింబం లాంటి ముఖం" రెండు చోట్ల, "అపురూప సౌందర్యరాశి" మూడు చోట్ల తగిలాయి. ఆమె చెయ్యి ఎక్కడుందో, హంస ఎటు చూస్తోందో మాత్రం ఎక్కడా లేదు. బొమ్మ చూసి రాశావా, ఎవరో పొగిడింది చదివి రాశావా?

నా సంగతీ చెబుతాను. అప్పట్లో మా ఇల్లు వైజాగ్ వన్‌టౌన్‌లో. నాయనమ్మ పోయాక, ఉన్న ఒక్క చిన్న ఫొటో ఇచ్చి పెద్ద రంగుల పటం వేయించారు. ఆవిడ ఎడమ చెంప మీద అమ్మవారు పోసినప్పటి గుంటలు ఉండేవి. ఆర్టిస్టు వాటిని పూడ్చేశాడు. ముక్కు సన్నం చేశాడు, మెడ కాస్త సాగదీశాడు. పటం గోడకెక్కింది. తాతయ్య కళ్లజోడు తుడుచుకుని చూసి, "బాగుంది గానీ, ఎవర్రా ఈవిడ?" అన్నాడు. నేను రాయడం మొదలెట్టిన కొత్తలో ఆ పటం గురించే రాస్తూ "పాలరాతి బొమ్మ" అన్నాను. తాతయ్య అన్న మాట వదిలేశాను! ఇప్పటికీ నామోషీగా ఉంటుంది.

అలాగని చిత్రకారుణ్ణి దొంగను పట్టుకున్నట్టు పట్టుకోకు. ఆంగ్ర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1814లో వేసిన పడుకున్న స్త్రీ బొమ్మ చూసి, వీపులో మూడు వెన్నుపూసలు ఎక్కువున్నాయని విమర్శకులు దెప్పారు. ఆయనకు ఒళ్లు గీయడం రాక కాదు. ఆ వంపు కావలసి వచ్చింది, వీపు పొడిగించాడు. మన పక్కనే, కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా ఉంటూ వడ్డాది పాపయ్య పత్రికలకు వేసిన అమ్మాయిల్ని చూడు. ఆ వాలుకళ్లు, ఆ పిడికెడు నడుము జగదాంబ జంక్షన్‌లో రోజంతా నిలబడ్డా కనిపించవు. రవివర్మయితే 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టించి, తన లక్ష్మీ సరస్వతుల్ని ఇంటింటి గోడ మీదికీ పంపాడు. పూర్ణా మార్కెట్‌లో దొరికే దేవుడి క్యాలెండర్లలో ఆ పోలిక ఇంకా పోలేదు.

టెన్షన్ పడకు, వ్యాసం పారేయనక్కర్లేదు. బొమ్మ ముందు పెట్టుకుని అరగంట కూర్చో. హంస మెడనీ ఆమె మెడనీ పక్కపక్కన చూడు. దమయంతి అక్కడ నలుడి కబురు వింటోంది కదా. అలా వింటున్న మనిషి ముఖం చంద్రబింబంలా ఉంటుందా?

పండక్కి వైజాగ్ వస్తే ఇంటికి రా. నాయనమ్మ పటం హాల్లోనే ఉంది. బీరువాలో ఉన్న ఆ చిన్న ఫొటో కూడా తీసి పక్కన పెడతాను.

ఉంటాను.