రోజూ పరిగెత్తేవాళ్ళకి ఎత్తు ఏమీ చెయ్యదా?

ప్రశ్న: నేను రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాను, ఆయాసం అంటే ఏంటో తెలీదు. ఫ్రెండ్స్‌తో ఆరు రోజుల ట్రెక్‌కి వెళ్తున్నాం, దార్లో ఊళ్ళు ఉండవు, టెంటూ తిండీ మేమే మోసుకెళ్ళాలి, 4,200 మీటర్ల దగ్గర పాస్ (కొండల మధ్య కనుమ) దాటాలి. మధ్యలో ఒక రోజు ఆగుదామని ఒకడు గొడవ, నాకేమో అది టైం వేస్ట్ అనిపిస్తోంది. ఆగాల్సిందేనా?

జవాబు: ఆగాల్సిందే. ఆ ఒక్కడి మాట వినండి. పరుగు వల్ల గుండె, కాళ్ళు గట్టిపడతాయి గానీ ఎత్తు జబ్బు రాకుండా అది ఆపదు, పైగా కాళ్ళలో బలం ఉందని గబగబా ఎక్కేసేది మీలాంటివాళ్ళే. 4,200 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో దాదాపు 60 శాతమే, గాల్లో ఆక్సిజన్ పాలు అదే 21 శాతం అయినా ఒక్కో ఊపిరికి అందేది తగ్గిపోతుంది, దానికి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు పడుతుంది.

పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి అదే చోట ఇంకో రాత్రి ఉండండి. ఆగిన రోజు టెంట్‌లో దొర్లక్కర్లేదు, కాస్త పైకి నడిచి కిందకి వచ్చి పడుకుంటే ఇంకా మంచిది. తలనొప్పితో పాటు వికారమో, కళ్ళు తిరగడమో ఉంటే తగ్గేదాకా పైకి ఒక్క అడుగు వెయ్యొద్దు. అడుగులు తడబడుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టడం కావచ్చు, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా మనిషిని తోడిచ్చి వెంటనే కిందకి దించాలి. ఎత్తు జబ్బు రాకుండా ఇచ్చే అసిటజోలమైడ్ మాత్రలు వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి, మాత్ర ఉంది కదా అని ఆగే రోజు మాత్రం ఎగ్గొట్టకండి (ఎగ్గొడతారనే నా అనుమానం).

ప్రశ్న: పాస్ ఎక్కడానికి చీకట్లోనే లేపుతారట, ఎండొచ్చాక వెళ్తే ఏం పోయింది?

జవాబు: ఎండాకాలంలో ఎత్తైన కొండల మీద మధ్యాహ్నం మబ్బు పట్టి పిడుగులు పడటం మామూలే, చెట్లు కూడా లేని ఆ ఎత్తులో అందరికన్నా పొడుగ్గా కనపడేది మీరే. అందుకే మధ్యాహ్నం లోపు పాస్ దాటి కిందకి దిగిపోవాలి. మంచు కరిగి వచ్చే వాగులు కూడా తెల్లవారుజామునే తక్కువ పారతాయి, సాయంత్రానికి ఉధృతం అవుతాయి, దాటేటప్పుడు బ్యాగ్ నడుం బెల్ట్ ఊడదీసి ఉంచుకోండి, జారితే బ్యాగ్‌ని వదిలించుకోవచ్చు.