పాఠకుల ప్రశ్నలు – లైబ్రేరియన్ జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. లైబ్రరీ నుంచి గొప్పవాళ్ల జీవిత చరిత్రలు తెచ్చుకుంటుంది కానీ నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తోంది. ‘అందరి కథా ఒకటే అమ్మా, కష్టపడ్డారు, గెలిచారు’ అంటోంది. ఎలాంటి పుస్తకాలు ఇప్పించమంటారు?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండీ. ఆ విసుగు చదువు మీద కాదు, ఆ పుస్తకాలు రాసిన తీరు మీద. పిల్లల కోసం రాసే జీవిత చరిత్రల్లో చాలావాటిలో ఒక్క మనిషే కనిపిస్తాడు. ఆ మనిషితో కలిసి పనిచేసినవాళ్లు, వాదించినవాళ్లు, అంతకుముందే అదే పని చేసి దెబ్బతిన్నవాళ్లు ఎక్కడా ఉండరు. వాళ్లను తీసేస్తే అందరి కథా ఒకటే అవుతుంది మరి.

అమెరికా నల్లజాతి మహిళ రోజా పార్క్స్ సంగతే చూడండి. 1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో, తెల్లవాళ్ల కోసం బస్సులో సీటు ఖాళీ చెయ్యమంటే ఆమె లేవలేదు, అరెస్టు చేశారు. చిన్న పుస్తకాల్లో ఆమె పగలంతా బట్టలు కుట్టి అలసిపోయి, ఆ అలసటతో లేవలేకపోయిన ఆవిడ. అసలు విషయం వేరు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆమె నల్లజాతి హక్కుల సంఘంలో పనిచేస్తున్నారు, అక్కడి శాఖకు కార్యదర్శి కూడా. ఆ వేసవిలోనే టెనెసీలో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి వచ్చారు. అంతకు తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల స్కూలు పిల్ల కూడా సీటు ఇవ్వనంది, పోలీసులు పట్టుకెళ్లారు. మీ అమ్మాయి కంటే రెండు మూడేళ్లు పెద్దది, అంతే!

పార్క్స్‌ను అరెస్టు చేసిన రాత్రి జరిగింది నాకు మరీ ఇష్టం. జో ఆన్ రాబిన్‌సన్ అనే కాలేజీ టీచరు, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు కలిసి కాలేజీలో సైక్లోస్టైల్ మిషన్ మీద వేల కరపత్రాలు తీశారు. సోమవారం ఎవరూ బస్సు ఎక్కొద్దని వాటి సారాంశం. తెల్లవారేసరికి కట్టలు కట్టి, ఏ వీధికి ఎవరు వెళ్లాలో రాసుకుని, ఎనిమిదింటికి ఆవిడ మామూలుగా క్లాసుకు వెళ్లి పాఠం చెప్పి, ఆ తర్వాత పంచడానికి బయలుదేరారు. అలా మొదలైన బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చిన కేసులో వాది పక్షాన ఉన్నది నలుగురు మహిళలు. వాళ్లలో క్లాడెట్ ఉంది, రోజా పార్క్స్ లేరు.

ఇదంతా చదివాక పార్క్స్ నా కళ్లకు ఇంకా పెద్దగా కనిపించారు. మీరు పుస్తకం తీసుకునేటప్పుడు ముందు వెనక పేజీలు తిప్పండి. పేర్ల ఇండెక్స్ ఉందా? అందులో వేరే మనుషుల పేర్లు బాగా ఉన్నాయా? ఉత్తరాలో, కోర్టు కాగితాలో చూసి రాశారా? ఇవి ఉన్న పుస్తకం కొంచెం లావుగా ఉన్నా భయపడకండి. మొత్తం చదవమని పట్టుపట్టకుండా ఒక్క అధ్యాయం చదవమనండి. ‘ఇన్నాళ్లు బస్సులు లేకుండా జనం పనికి ఎలా వెళ్లారు?’ అని అడిగి చూడండి. మిగతాది తనే వెతుక్కుంటుంది.

ప్రశ్న: ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథను మూడుసార్లు రాశాడట. లైబ్రరీలో రెండు దొరికాయి. వాటిలో విషయాలు ఒకేలా లేవు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ చదవండి, దేన్ని ఎప్పుడు రాశారో చూసుకుంటూ చదవండి. డగ్లస్ అమెరికాలో బానిసగా పుట్టిన నల్లజాతి నాయకుడు. ఆయన బానిసత్వం నుంచి తప్పించుకున్నది 1838 సెప్టెంబర్ 3న. మొదటి పుస్తకం 1845లో వచ్చింది. అందులో తను ఎలా తప్పించుకున్నాడో చెప్పలేదు. చెబితే సాయం చేసినవాళ్లకు ముప్పు, తర్వాత పారిపోవాలనుకునేవాళ్లకు దారి మూసుకుపోతుంది అని అందులోనే రాశాడు. 1865లో బానిసత్వం రద్దయింది. 1881లో వచ్చిన మూడో పుస్తకంలో మొత్తం విప్పి చెప్పాడు: నావికుడి బట్టలు వేసుకుని, తను బానిస కాదని, స్వేచ్ఛగా తిరిగే నావికుడినని చూపడానికి ఒక స్నేహితుడి కాగితం అరువు తీసుకుని, బాల్టిమోర్‌లో రైలెక్కాడు. కాగితంలోని పోలికలు అసలు తనవి కావు. దాని మీద అమెరికా డేగ బొమ్మ ఉండటంతో చూడగానే ప్రభుత్వ కాగితంలా కనిపించింది. కండక్టరు పైపైన చూసి, చార్జీ తీసుకుని ముందుకు వెళ్లిపోయాడు. పరీక్షగా చూసి ఉంటే అంతే సంగతులు.

కాబట్టి 1845 పుస్తకంలో ఆ ఖాళీ అబద్ధం కాదు. ఇంకొకరి ప్రాణం కాపాడటానికి వదిలిన ఖాళీ. ఏ ఆత్మకథలోనైనా కథ చటుక్కున దాటిపోయిన చోట ఆగండి. ఆ రోజుల్లో ఆ మాట పైకి అంటే ఎవరికి కష్టం వచ్చేదో ఆలోచించండి.

ప్రశ్న: సామాజిక న్యాయం మీద పుస్తకాలకు మా లైబ్రరీలో వేరే షెల్ఫ్ లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: చాలా లైబ్రరీల్లో ఉండదు. డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరు ఇచ్చి సర్దిన చోట, అవి మూడు వైపులా చెదిరిపోయి ఉంటాయి. 300ల్లో సమాజం: 305 దగ్గర కులం, జాతి, స్త్రీలు, 323 దగ్గర పౌర హక్కులు, 331 దగ్గర కార్మికులు. చరిత్ర 900ల్లో, అందులో భారత్ 954, అమెరికా 973. జీవిత చరిత్రలు 920 దగ్గర, కొన్నిచోట్ల విడిగా. అంటే కులం మీద అంబేడ్కర్ రాసింది ఒక వరుసలో, అంబేడ్కర్ జీవితం ఇంకో వరుసలో ఉంటాయి. ఒక దగ్గర దొరకలేదని తిరిగి వెళ్లిపోకండి. కేటలాగ్‌లో పేరుతో ఒకసారి, విషయంతో ఒకసారి వెతకండి. లేకపోతే కౌంటర్లో అడిగి, తెప్పించమని రాసివ్వండి. అలా రాసిచ్చిన చీటీలు కొనాల్సిన పుస్తకాల జాబితా వేసేటప్పుడు మాకు నిజంగా పనికొస్తాయి.