ఇంగ్లిష్‌లో 'కావచ్చు' అనాలంటే మే, మైట్, కుడ్‌లలో ఏది వాడాలి?

'ఇట్ మే రెయిన్', 'ఇట్ మైట్ రెయిన్', 'ఇట్ కుడ్ రెయిన్'. మూడింటికీ అర్థం వాన పడొచ్చనే. మే కంటే మైట్‌లో నమ్మకం కాస్త తక్కువని గ్రామర్ పుస్తకాలు చెబుతాయి గానీ, మాటల్లో ఆ తేడా పెద్దగా పట్టించుకోరు. మాట్లాడేటప్పుడు మైట్ ఎక్కువగా వినిపిస్తుంది, మే కొంచెం రాతభాష. రేపటి వాన గురించి 'ఇట్ కెన్ రెయిన్ టుమారో' అని మాత్రం అనరు. అప్పుడప్పుడూ జరుగుతుండే వాటికి కెన్ సరిపోతుంది: 'లండన్ కెన్ బి కోల్డ్ ఇన్ ఏప్రిల్'.

అసలు చిక్కంతా 'లేదు' అనాల్సి వచ్చినప్పుడే. తలుపు కొట్టినా ఎవరూ పలకలేదనుకోండి. 'హి మైట్ నాట్ బి ఎట్ హోమ్' అంటే ఇంట్లో లేడేమో అని. 'హి కాంట్ బి ఎట్ హోమ్' అంటే ఉండే అవకాశమే లేదని, ఇప్పుడే అతన్ని బస్సెక్కించి వచ్చినవాళ్లు అనే మాట. కుడంట్ కూడా ఇంతే, 'ఉండకపోవచ్చు' అనుకుని వాడేయకండి. లోపల లైటు వెలుగుతోంది, చెప్పులు బయటే ఉన్నాయి, కచ్చితంగా ఉండే ఉంటాడు అనిపిస్తే 'హి మస్ట్ బి ఎట్ హోమ్'. దీనికి వ్యతిరేకం సాధారణంగా కాంట్. మస్టంట్ అంటే ఉండకూడదని ఆంక్ష పెట్టినట్టు!

జరిగిపోయినదానికి హావ్ చేర్చాలి. 'షి మైట్ హావ్ మిస్డ్ ద ట్రైన్' అంటే రైలు తప్పిపోయిందేమో అని. యాక్సిడెంట్ తప్పించుకున్నవాళ్లు 'వి కుడ్ హావ్ డైడ్' అంటారు, అంటే చచ్చిపోయేవాళ్లమే, ఎలాగో బతికాం అని.